కేస్ షీట్ క్లౌడ్‌కి ఎక్కింది, మరి కాపలా ఎవరిది? దవాఖాన డేటా రూల్స్‌కు క్లౌడ్ సెక్యూరిటీని జతచేసే పద్ధతి

హన్మకొండ, వరంగల్ ప్రైవేటు దవాఖానల్లో మూల గదిలో ఏసీ కింద ఉండే సర్వర్ పోయి, ఆ జాగాలోకి ఒక్కొక్కటిగా క్లౌడ్ వస్తోంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ నుంచి వచ్చే పేషెంట్ల ఓపీ చీటీ, ల్యాబ్ రిపోర్టు, సీటీ స్కాన్, ఆరోగ్యశ్రీ డెస్క్ నుంచి అప్‌లోడ్ చేసే ఫొటోలు, అన్నీ ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న డేటా సెంటర్‌కి పోతున్నాయి. మారేముందు మేనేజ్‌మెంట్ అడిగేది ఒక్కటే, సేఫేనా అని. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు చెప్పేది కూడా దాదాపు ఎప్పుడూ ఒక్కటే, "మా క్లౌడ్‌కి ఐఎస్ఓ 27001 ఉంది సార్, హిపా కంప్లయన్స్ కూడా ఉంది" అని. ఐఎస్ఓ 27001 అంటే సమాచార భద్రతకు అంతర్జాతీయ ప్రమాణం, హిపా అంటే పేషెంట్ల సమాచారాన్ని కాపాడే అమెరికా చట్టం. ఆ సర్టిఫికెట్లు నిజమైనవే అయినా, వాటిలో మీ దవాఖాన గురించి ఒక్క ముక్క కూడా ఉండదు.

ఈ ఖాళీని పూడ్చడానికే మ్యాపింగ్ అనే పని చేస్తారు. ఒక పక్కన చట్టాలు, రూల్స్ ఏం అడుగుతున్నాయో రాసుకుంటారు, ఇంకో పక్కన క్లౌడ్‌లో మన దగ్గర ఏ రక్షణ ఉందో రాసి రెంటినీ కలుపుతారు. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు మాత్రం చాలామంది ఎక్సెల్‌లో రెండు కాలమ్స్ పెట్టి, ఎడమవైపు 'యాక్సెస్ కంట్రోల్' అని ఉంటే కుడివైపు 'ఐఏఎం' (క్లౌడ్‌లో ఎవరు ఏం తెరవొచ్చో నిర్ణయించే ఏర్పాటు) అని రాసి, పక్కన ఆకుపచ్చ రంగు నింపేస్తారు. ఆ ఆకుపచ్చ గడి వెనక నిజంగా ఏం జరుగుతోందో చూడకపోతే ఆ షీట్ ఉన్నా లేనట్టే, ఇంకా చెప్పాలంటే లేకపోవడమే నయం, ఎందుకంటే అది చూసుకుని అందరూ నిశ్చింతగా ఉంటారు.

ముందు, మనకు ఏ రూల్స్ వర్తిస్తాయో తేల్చుకోవాలి

హిపా అమెరికా చట్టం, 1996 నాటిది. వరంగల్ దవాఖానలో వరంగల్ జిల్లా పేషెంటుకు వైద్యం చేస్తే దానితో పని లేదు. అమెరికా దవాఖానలకు మెడికల్ కోడింగో బిల్లింగో చేసిపెట్టే కంపెనీ అయితే, అది మడికొండలో ఉన్నా మాదాపూర్‌లో ఉన్నా, కాంట్రాక్టు ద్వారా హిపా దాని మెడకు చుట్టుకుంటుంది. ఇంకో సంగతి, అమెరికా ప్రభుత్వం హిపా సర్టిఫికెట్ అనేది ఎవరికీ ఇవ్వదు, ప్రైవేటు సంస్థలు ఇచ్చేవాటికి ఆమోదముద్ర కూడా వేయదు. కాబట్టి బ్రోచర్ మీద ఆ ముద్ర చూసి కొనొద్దు. అయితే హిపా సెక్యూరిటీ రూల్ చదవడం మాత్రం మంచిదే, దవాఖాన పని ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లు రాసినట్టు ఉంటుంది, అందుకే కింద అక్కడక్కడా దాని ఊసు వస్తుంది.

మనకు నేరుగా తగిలేవి వేరు. 2011 నాటి ఐటీ రూల్స్ మెడికల్ రికార్డులను సున్నితమైన వ్యక్తిగత సమాచారంలో చేర్చాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు సైబర్ ఘటన జరిగితే ఏం చేయాలో చెప్తాయి. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, దవాఖానల మీద అసలు బరువు మోపే సెక్షన్లు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌తో కలిసి పేషెంట్లకు 14 అంకెల ఆభా (డిజిటల్ హెల్త్ ఐడీ) నంబరు లింక్ చేస్తుంటే, దాని హెల్త్ డేటా మేనేజ్‌మెంట్ పాలసీ కూడా వర్తిస్తుంది. హెచ్ఐవీ, మానసిక వైద్యం రికార్డులైతే 2017లో వచ్చిన రెండు చట్టాలు గోప్యత గురించి విడిగా చెప్తాయి. కొత్త డేటా చట్టం ఆరోగ్య సమాచారానికి ప్రత్యేక తరగతి ఏమీ పెట్టలేదు, ఫోన్ నంబరైనా హెచ్ఐవీ రిపోర్టైనా ఒకే గాటన కట్టింది. కాబట్టి ఏది ఎంత సున్నితమో తేల్చుకునే పని మనదే, షీట్ మొదలుపెట్టే ముందే అది చేయాలి.

చట్టంలో అందరికంటే ముందు యజమానులు చదవాల్సింది సెక్షన్ 8(1). ఎవరితో ఏ అగ్రిమెంటు రాసుకున్నా, మన తరఫున డేటా చూసే కంపెనీ చేసిన పనికి కూడా దవాఖానే జవాబుదారీ అని దాని సారాంశం. తగిన భద్రత పెట్టుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా, డేటా బయటపడ్డాక తెలియజేయకపోతే 200 కోట్ల దాకా జరిమానా వేయొచ్చు. "క్లౌడ్ వాళ్లు చూసుకుంటారు" అనే మాట అక్కడ చెల్లదు.

క్లౌడ్ వాళ్ల బాధ్యత ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలియాలి. నయీంనగర్‌లో ఏదైనా కాంప్లెక్స్‌లో షట్టర్ అద్దెకు తీసుకుంటే బిల్డింగుకు వాచ్‌మన్, జనరేటర్, లిఫ్ట్ ఓనర్ పెడతాడు, మన షట్టర్‌కి తాళం వేసుకోవడం, ఆ తాళం చెవి ఎవరికి ఇచ్చామో గుర్తుపెట్టుకోవడం మన పని. క్లౌడ్ కంపెనీ తీసుకున్న ఐఎస్ఓ సర్టిఫికెట్ ఆ బిల్డింగు మేరకే. 2022 నాటి ఐఎస్ఓ 27001 అనుబంధంలో 93 కంట్రోల్స్, అంటే భద్రతా ఏర్పాట్లు, ఉంటాయి, సర్టిఫికెట్ చూపించినప్పుడు దాని స్కోప్ ఏమిటి, వాటిలో ఏవి వర్తింపజేసుకున్నారు అని అడిగితే చాలు, సగం సంగతి బయటపడుతుంది.

లాగిన్ల వరుస దగ్గరే షీట్ తేలిపోతుంది

రూల్ చెప్పేది స్పష్టంగానే ఉంటుంది, ఎవరికి అవసరమో వాళ్లే డేటా చూడాలి. హిపా అయితే ప్రతి మనిషికీ వేరే యూజర్ ఐడీ తప్పనిసరి అంటుంది. షీట్‌లో దీనికి ఎదురుగా క్లౌడ్ ఐఏఎం అని రాస్తారు. ఆ ఐఏఎంలో ఉండేది ఎవరు? సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంజనీర్లు, దవాఖాన ఐటీ ఇన్‌చార్జ్, మహా అయితే ఇంకో ఇద్దరు. వార్డులో సిస్టర్లు, డ్యూటీ డాక్టర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఓపీ కౌంటర్ వాళ్లు, ఆరోగ్యశ్రీ డెస్క్ మీది అబ్బాయి, వీళ్లెవరూ క్లౌడ్ కన్సోల్ మొహం చూడరు. వాళ్ల లాగిన్లు సాఫ్ట్‌వేర్ లోపలి పట్టికలో ఉంటాయి. అంటే క్లౌడ్ ఐఏఎం ఎంత పకడ్బందీగా ఉన్నా ఆ రూల్‌లో చిన్న ముక్కనే తీరుస్తుంది. పేషెంట్ ఫైలు రోజూ తెరిచేవాళ్లంతా దాని అవతలే ఉన్నారు.

వార్డులో ఏం జరుగుతుందో చూడండి. నర్సింగ్ స్టేషన్ కంప్యూటర్‌లో 'వార్డ్2' అని ఒకే లాగిన్, పాస్‌వర్డ్ మానిటర్ కింద అంటించిన ప్లాస్టర్ మీద. ఉదయం షిఫ్ట్ సిస్టర్ తెరిచింది రాత్రి షిఫ్ట్ దాకా తెరిచే ఉంటుంది. సిస్టర్లను తిట్టి లాభం లేదు. ముప్పై మంది పేషెంట్లకు ఇద్దరు సిస్టర్లు ఉన్నచోట ప్రతిసారీ పన్నెండు అక్షరాల పాస్‌వర్డ్ కొట్టమంటే, ఇంజెక్షన్ ఆలస్యమవుతుంది. ఈ గొడవ తెలియకుండా 'ఆటోమేటిక్ లాగాఫ్ 5 నిమిషాలు' అని పెట్టేస్తే ఎవరో ఒకరు మౌస్ కదుపుతూ కూర్చునే మార్గం కనిపెడతారు. ఐడీ కార్డు తాకిస్తే తెరుచుకుని, కదిలితే మూసుకునే ఏర్పాటు చేయొచ్చు, లేదంటే షిఫ్ట్ మొదట్లో ఒకసారి పూర్తి పాస్‌వర్డ్, తర్వాత నాలుగంకెల పిన్ పెట్టొచ్చు. వార్డులో అది సరిపోతుంది. బయటి నుంచి, అంటే డాక్టర్ ఇంటి నుంచో, సాఫ్ట్‌వేర్ కంపెనీ రిమోట్‌గానో లోపలికి వచ్చే ప్రతి దారికీ మాత్రం రెండో తాళం, ఓటీపీ యాప్ లాంటిది, తప్పదు. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో దవాఖాన బిల్లులు నడిపే చేంజ్ హెల్త్‌కేర్ కంపెనీ కూలిపోయింది ఇక్కడే. దొంగిలించిన పాస్‌వర్డుతో, రెండో తాళం లేని ఒక రిమోట్ పోర్టల్ గుండా లోపలికి వచ్చారు, చివరికి దాదాపు 19 కోట్ల మంది సమాచారం దెబ్బతింది.

ఇదే వరుసలో ఇంకోటుంది, షీట్లలో దాదాపు కనిపించదు. అర్ధరాత్రి యాక్సిడెంట్ కేసు వచ్చింది, పేషెంట్ పాత ఫైలు కార్డియాలజీలో ఉంది, డ్యూటీ డాక్టర్‌కి దాన్ని తెరిచే అనుమతి లేదు. అప్పుడు తలుపు తెరుచుకోకపోతే ఆ భద్రత మనిషి ప్రాణం మీదికి తెస్తుంది. హిపా అందుకే ఎమర్జెన్సీలో డేటా అందే పద్ధతిని తప్పనిసరి చేసింది. ఫైలు తెరుచుకోవాలి, తెరిచేముందు కారణం ఒక లైను రాయించాలి, మరునాడు ఆ జాబితా మెడికల్ సూపరింటెండెంట్ చూడాలి. ఏ క్లౌడ్ కంపెనీ దీన్ని మనకు రెడీమేడ్‌గా ఇవ్వదు, సాఫ్ట్‌వేర్‌లో రాయించుకోవాల్సిందే.

ఎవరు చూశారో చెప్పే లాగ్ నిజంగా ఉందా

నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టే వరుస ఇది. సెర్ట్-ఇన్ 180 రోజుల లాగ్స్ ఉంచమంటుంది, కొత్త డేటా రూల్స్ ఒక ఏడాది అంటున్నాయి. షీట్‌లో ఎదురుగా 'క్లౌడ్‌ట్రెయిల్ ఆన్' అని ఉంటుంది, ఆకుపచ్చ రంగుతో. విప్పి చూస్తే, అమెజాన్ క్లౌడ్‌లో ఎవరు ఏం చేశారో రాసిపెట్టే ఈ క్లౌడ్‌ట్రెయిల్, మనం ఏమీ సెట్ చేయకపోతే 90 రోజుల చరిత్రే చూపిస్తుంది. అది కూడా సర్వర్ ఎవరు పెట్టారు, సెట్టింగ్ ఎవరు మార్చారు లాంటి పనులది. స్టోరేజీలో ఉన్న ఫలానా రిపోర్టు పీడీఎఫ్‌ను ఎవరు తెరిచారన్నది డేటా ఈవెంట్ కిందికి వస్తుంది, మనం విడిగా ఆన్ చేస్తే తప్ప రికార్డవదు, దానికి డబ్బు కూడా పడుతుంది. గూగుల్ క్లౌడ్‌లో కూడా డేటా చదివిన లాగ్స్ చాలా సర్వీసులకు మొదట ఆఫ్‌లోనే ఉంటాయి, ఆన్ చేశాక మామూలుగా 30 రోజులే ఉంచుతుంది.

సరే, అన్నీ ఆన్ చేశాం, ఏడాది పాటు దాచే ఏర్పాటూ చేశాం అనుకుందాం. ఇప్పుడు ఒక పేషెంట్ వచ్చి "నా గర్భం రిపోర్టు మా అత్తగారింటికి ఎట్లా తెలిసింది, మీ దగ్గర ఎవరు చూశారు?" అని నిలదీసింది. క్లౌడ్ లాగ్ తెరిస్తే ఆ పీడీఎఫ్‌ను 'హెచ్ఎంఎస్ యాప్ రోల్' చదివినట్టు ఉంటుంది, హెచ్ఎంఎస్ అంటే దవాఖాన సాఫ్ట్‌వేర్, రోల్ అంటే క్లౌడ్‌లో దానికి ఇచ్చిన అనుమతుల మూట. మనుషులందరి తరఫునా స్టోరేజీని తట్టేది ఆ ఒక్క యాప్ కదా! ఏ మనిషి అన్నది సాఫ్ట్‌వేర్ సొంత లాగ్‌లోనే దొరకాలి. అక్కడ చూస్తే రాత్రి 2.14కి 'వార్డ్2' అని ఉంటే ఆమెకు చెప్పడానికి మన దగ్గర ఏమీ లేదు. లాగిన్ల వరుస తప్పితే లాగ్స్ వరుస కూడా తప్పినట్టే, షీట్‌లో రెండూ వేర్వేరు గళ్లలో ఆకుపచ్చగా ఉన్నా సరే.

గడియారం సంగతి కూడా ఇందులోదే. అన్ని సిస్టమ్స్ సమయం అధికారిక టైమ్ సర్వర్లతో కలిసి ఉండాలని సెర్ట్-ఇన్ ఆదేశాల్లో ఉంది. క్లౌడ్‌లో ఇది పెద్దగా చూసుకోవాల్సిన పని కాదు. ల్యాబ్ ఎనలైజర్‌కి తగిలించిన పాత విండోస్ కంప్యూటర్ పదకొండు నిమిషాలు వెనక నడుస్తుంటే మాత్రం, ఏది ముందు జరిగిందో ఏది తర్వాతో తేల్చడం ఎవరి వల్లా కాదు.

ఎన్‌క్రిప్షన్ ఉందంటే ఎక్కడ ఉందని అడగాలి

అమెజాన్ స్టోరేజీ సర్వీసు ఎస్3లో పెట్టే ప్రతి కొత్త ఫైలూ 2023 జనవరి నుంచి దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతోంది, అంటే తాళం చెవి లేకుండా చదవలేని రూపంలోకి మారుతోంది. కాబట్టి 'ఎన్‌క్రిప్షన్ ఉంది' అనే గడి ఎవరూ ఏమీ చేయకుండానే ఆకుపచ్చ అవుతుంది. ఆ రక్షణ ఎవరి నుంచి? డేటా సెంటర్‌లోంచి డిస్క్ ఎత్తుకుపోయేవాడి నుంచి. సరైన అనుమతి ఉన్న లాగిన్ దొంగ చేతికి చిక్కితే, క్లౌడ్ దాన్ని మర్యాదగా విప్పి ఇస్తుంది. 2019లో క్యాపిటల్ వన్ బ్యాంకులో జరిగింది అలాంటిదే, తప్పుగా సెట్ చేసిన ఫైర్‌వాల్ గుండా అవసరానికి మించిన అనుమతులున్న రోల్ చేజిక్కించుకుని 10 కోట్లకు పైగా మంది వివరాలు లాగేశారు. అందుకే ఈ వరుసలో ఎన్‌క్రిప్షన్ ఉందా అనేదానికంటే తాళం చెవిని వాడే అనుమతి ఏ ఏ రోల్‌కి ఉంది, స్టోరేజీ చదివే రోల్ అదేనా కాదా అన్నది రాయాలి. కొత్త డేటా రూల్స్ ఎన్‌క్రిప్షన్‌తో పాటు మాస్కింగ్ (సమాచారంలో కొంత కనపడకుండా కప్పడం), వర్చువల్ టోకెన్ల (అసలు వివరం బదులు వాడే గుర్తుల) పేర్లు కూడా చెప్తున్నాయి, బిల్లింగ్ కౌంటర్‌లో పేషెంట్ జబ్బు పూర్తి పేరు కనపడాల్సిన పనేముంది?

దారిలో ఉన్నప్పటి సంగతి ఇంకోటి. క్లౌడ్‌కి పోయే కనెక్షన్ టీఎల్ఎస్‌తో, అంటే దారిలో డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతితో, భద్రంగా ఉంటుంది. ల్యాబ్ మెషిన్ నుంచి గేట్‌వే కంప్యూటర్ దాకా పోయే హెచ్ఎల్7 (వైద్య సమాచారం పంపుకునే ప్రామాణిక పద్ధతి) సందేశాలు మాత్రం మామూలుగా పచ్చి అక్షరాలే, అదే నెట్‌వర్క్‌లో పేషెంట్ల బంధువులకు ఇచ్చే వైఫై కూడా ఉంటే ఇక చెప్పేదేముంది. క్లౌడ్ వైపు నుంచి గీసిన షీట్‌లో ఈ ముక్క ఎప్పటికీ కనపడదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో 2022 నవంబరు 23న రాన్‌సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దెబ్బకు 5 సర్వర్లు, దాదాపు 1.3 టెరాబైట్ల డేటా బిగుసుకుపోతే, నెట్‌వర్క్‌ను సరిగ్గా విడగొట్టకపోవడం గురించే ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. అందుకే షీట్ గీసేవాళ్లు క్లౌడ్ కంట్రోల్స్ జాబితాతో కాకుండా పేషెంట్ వెంట నడుస్తూ మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. ఓపీ కౌంటర్, ల్యాబ్, స్కానింగ్, వార్డు, ఆరోగ్యశ్రీ డెస్క్, డిశ్చార్జి, ఆ తర్వాత వాట్సాప్‌లో పంపే రిపోర్టు దాకా డేటా ఎక్కడెక్కడ ఆగుతుందో రాసుకుంటే, క్లౌడ్ అందులో ఒక మజిలీ మాత్రమే అని కళ్లకు కడుతుంది.

ఒక రూల్‌ను తీరుస్తూ ఇంకోదాన్ని తొక్కే కంట్రోల్

రాన్‌సమ్‌వేర్‌కు మందు, ఎవరూ చెరపలేని బ్యాకప్. ఎస్3 ఆబ్జెక్ట్ లాక్‌ను కంప్లయన్స్ మోడ్‌లో పెడితే గడువు తీరేదాకా రూట్ అకౌంట్, అంటే అన్ని అధికారాలూ ఉన్న అసలు ఖాతా, కూడా దాన్ని డిలీట్ చేయలేదు. బ్యాకప్ ఉండాలన్న రూల్‌కి ఇంతకన్నా గట్టి జవాబు లేదు. కానీ కొత్త చట్టం కింద పేషెంట్ తన సమ్మతి వెనక్కి తీసుకుంటే, ఉంచాలని వేరే చట్టం చెప్పని డేటాను చెరిపేయాలి. ఇన్‌పేషెంట్ల కేస్ షీట్లు మూడేళ్లు ఉంచాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి చెప్తుంది కాబట్టి వాటికి గొడవ లేదు. దవాఖాన ఆఫర్ల మెసేజీల కోసం తీసుకున్న నంబర్లు, హెల్త్ క్యాంపులో నింపించిన ఫారాలు అలా కాదు, అడిగితే తీసేయాలి. ఏళ్ల తరబడి లాక్ పెట్టిన బ్యాకప్‌లో అవి కూడా ఉంటే ఇరుక్కుపోతాం. నేనైతే లాక్ గడువు నెలా నెలన్నరకు మించనివ్వను, మూడేళ్ల రికార్డును దీంతో కలపకుండా వేరే స్టోరేజీలో వేరే అనుమతులతో పెడతాను. ఒక కాపీ హైదరాబాద్ రీజియన్‌లో, ఇంకోటి ముంబైలో పెట్టుకుంటే రెండూ దేశంలోనే ఉంటాయి.

బ్యాకప్ ఉన్నంత మాత్రాన వైద్యం ఆగకుండా ఉండదు. 2023 జూలై వరదల్లో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది, వరంగల్, హన్మకొండ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. అలాంటి రోజు ఇంటర్నెట్ పోతే క్లౌడ్ సర్వర్ ఎంత చక్కగా నడుస్తున్నా వార్డుకు ఉపయోగం లేదు. అడ్మిట్ అయి ఉన్న పేషెంట్ల మందులు, అలర్జీలు, బ్లడ్ గ్రూపు ఉన్న చిన్న జాబితా పూటపూటకూ దవాఖానలోని ఒక కంప్యూటర్‌లోకి, పాస్‌వర్డ్ వెనక, దిగుతూ ఉండాలి. కాగితం ఫారాలు బీరువాలో సిద్ధంగా ఉండాలి. ఎయిమ్స్ అంతటి దవాఖానకే రోజుల తరబడి చేతిరాత తప్పలేదు.

డేటా పోయిందని తెలిసిన తర్వాత పరిగెత్తే గడువులు కూడా ఒకదానికొకటి పొసగవు. సెర్ట్-ఇన్‌కి 6 గంటల్లో చెప్పాలి. కొత్త రూల్స్ అమల్లోకి వచ్చాక డేటా ప్రొటెక్షన్ బోర్డుకూ దెబ్బతిన్న పేషెంట్లకూ ఆలస్యం లేకుండా తెలియజేయాలి, పూర్తి వివరాలు బోర్డుకు 72 గంటల్లో ఇవ్వాలి. హిపాలో 60 రోజుల గరిష్ఠ గడువు. 'ఇన్సిడెంట్ రెస్పాన్స్ ప్లాన్ ఉంది' అనే ఒక్క గడితో ఇవన్నీ తీరవు, ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారో, ఆదివారం రాత్రి అయితే ఎవరో పేర్లతో ఉండాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీ తనకు తెలిసిన గంటలోపు దవాఖానకు చెప్పాలని అగ్రిమెంటులో లేకపోతే ఆ 6 గంటల లెక్క మొదట్లోనే గాడి తప్పుతుంది.

షీట్ ఎలా ఉండాలి

సొంతంగా మొదటి నుంచి గీయనక్కర్లేదు. క్లౌడ్ సెక్యూరిటీ అలయన్స్ వాళ్ల క్లౌడ్ కంట్రోల్స్ మ్యాట్రిక్స్ 4.0 వెర్షన్‌లో 17 విభాగాల్లో 197 కంట్రోల్స్ ఉన్నాయి, వేరే ప్రమాణాలతో జతచేసిన పట్టికలు కూడా ఇస్తారు. వాటిలో గ్యాప్ లేదు, కొంత ఉంది, పూర్తిగా ఉంది అని మూడు రకాలుగా రాస్తారు, అది మనమూ పాటించాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024లో ఈ జతచేసే పని మీదే ఒక పత్రం ఇచ్చింది, రెండు వాక్యాలు సమానమా, ఒకటి ఇంకోదానిలో భాగమా, కొంత మేర కలుస్తాయా, సంబంధమే లేదా అని తేల్చి రాయమంటుంది. నా అనుభవంలో దవాఖాన రూల్స్‌కీ క్లౌడ్ కంట్రోల్స్‌కీ మధ్య సమానం అనే వరుసలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డేటా సెంటర్ గేటు, కరెంటు, డిస్కులు పారేసే పద్ధతి లాంటివి పూర్తిగా క్లౌడ్ వాళ్లవి, వాటి ఆడిట్ రిపోర్టు తెచ్చి జతచేస్తే అయిపోతుంది. మిగతావాటిలో చాలావరకు కొంత మేరకే కలుస్తాయి.

అందుకని ప్రతి వరుసలో రూల్ వాక్యం, అది తగిలే చోటు, కంట్రోల్‌తో పాటు మిగిలిపోయిన ముక్క ఏమిటో మామూలు తెలుగులో రాయండి. ఆ ముక్క ఎవరి పని, క్లౌడ్ కంపెనీదా, సాఫ్ట్‌వేర్ కంపెనీదా, దవాఖానదా, దవాఖానదైతే ఏ మనిషిది? రుజువు ఎక్కడ దొరుకుతుంది, చివరిసారి ఎప్పుడు చూశాం? రుజువు అంటే ఆరు నెలల కిందటి స్క్రీన్‌షాట్ పనికిరాదు, బ్యాకప్ వరుసకు రుజువు బ్యాకప్ నుంచి ఒక కేస్ షీట్‌ను నిజంగా తిరిగి తెచ్చి చూసిన తేదీ. లాగిన్ వరుసకు రుజువు, మానేసిన సిస్టర్ లాగిన్ ఏ రోజు ఆగిపోయిందో హెచ్ఆర్ రిజిస్టర్‌తో పోల్చిన కాగితం.

చిన్న దవాఖానలకు 197 వరుసలూ ఒక్కసారి మీద వేసుకోమని చెప్పను. లాగిన్లు, లాగ్స్, బయటి నుంచి వచ్చే దారులు, బ్యాకప్, సాఫ్ట్‌వేర్ కంపెనీతో అగ్రిమెంటు, ఈ ఐదూ 2027 మే కంటే చాలా ముందే పూర్తిచేయండి. కొత్త ల్యాబ్ మెషిన్ కొన్నా, సాఫ్ట్‌వేర్ మార్చినా, ఇంకో బ్రాంచి తెరిచినా ఆ ఐదు వరుసలూ మళ్లీ విప్పి చూడాలి, అందుకే కొనుగోలు ఫైలు మీద సంతకం పెట్టే మనిషికే ఈ షీట్ బాధ్యత కూడా అప్పగించడం మంచిది.